ఇందీవర పెట్టిన పేరు

రాయలసీమలో ఒక వేరుశనగ పరిశోధన కేంద్రంలో ఇందీవర అనే శాస్త్రవేత్త ఉండేది. తెలివికి లోటు లేదు గాని, దేన్నైనా చూసీ చూడగానే తేల్చేసే తొందర ఆమెది.

నేలలో నీళ్లు తగ్గితే, ఉన్న నీటిని పొదుపుగా వాడుకోమని మొక్క లోపల కబురు చేరవేసేవి కైనేజ్‌లనే ప్రొటీన్లు. వాటిని తయారుచేసే జన్యువులను వేరుశనగలో వెతకడం ఆమె పని. ఒకరోజు కంప్యూటరులో ఒక కొత్త జన్యువు దొరికింది. వరిలో కరువును తట్టుకునేలా చేసే జన్యువుతో దానికి అచ్చుగుద్దినట్టు పోలిక ఉంది. కనిపెట్టినవారే పేరు పెట్టడం అక్కడి ఆనవాయితీ. ఇందీవర ఇక ఆగలేదు. ‘కరువుకాపరి’ అని పేరు పెట్టి, అందరికీ మైసూర్‌పాకు పంచేసింది.

కొత్త వంగడాలు తయారుచేసే జలీల్‌గారు మైసూర్‌పాకు తీసుకున్నారు గాని నోట్లో వేసుకోలేదు.

“మేడమ్, ఈ జన్యువు జోరుగా పనిచేసే రకాన్నే ఈసారి రైతులకు ఇద్దామనుకుంటున్నాం. మొక్కలో దీన్ని ఆపి చూశారా?” అని అడిగారు.

“ఎందుకండీ? వరిలో దీని అన్న బ్రహ్మాండంగా పనిచేస్తున్నాడుగా,” అంది ఇందీవర.

“మా అన్నా నేనూ ఒకే పోలిక మేడమ్. ఆయన తెల్లారకముందే పొలంలో ఉంటాడు. నేను మొహాన నీళ్లు చల్లితే గాని లేవను.”

ఇందీవర నవ్వింది గాని లోపల చిరాకు పడింది. ఆయన నోరు మూయించడానికే పరీక్షకు ఒప్పుకుంది. కొన్ని కుండీల్లో ఆ జన్యువు పనిచేయకుండా చేసిన మొక్కలను, కొన్నింటిలో మామూలు మొక్కలను పెంచి, అన్నింటికీ నీళ్లు ఆపేసింది.

మామూలు మొక్కలే ముందు వాడిపోయాయి. జన్యువు ఆగిపోయినవి పచ్చగా నిలబడ్డాయి.

“కుండీలు తారుమారై ఉంటాయి,” అంది ఇందీవర. మళ్లీ తన చేత్తోనే పెంచి చూసింది. మళ్లీ అదే జరిగింది. ఆ జన్యువు కరువు కబురును అందించడం లేదు; దారిలోనే ఆపేస్తోంది. ఆ విత్తనం రైతుల చేతికి వెళ్లి ఉంటే, వాన కాస్త ముఖం చాటేసినా చేలన్నీ ఎండిపోయేవి.

మర్నాడు సమావేశంలో అందరూ ఆమెను అభినందించబోతుంటే లేచి నిలబడింది.

“నేను పోలిక చూసి మాట్లాడాను. తప్పు నాదే. ఆ విత్తనం ఇవ్వకండి,” అంది. సిగ్గుతో తల వంచుకునే చెప్పింది, కానీ చెప్పింది.

ఆ ఏడు ఆమెకు రావలసిన పేరు రాలేదు. విత్తనం మాత్రం గోదాము దాటలేదు.

నీతి: మొక్కనైనా మనిషినైనా పోలికను బట్టి మంచిచెడులు తేల్చకూడదు, పరీక్షించి చూశాకే మాట చెప్పాలి.