జేజి విప్పిన టోపీ

మౌలాలికి జాలి అంటే ఒళ్ళు మంట.

ఎవరైనా "అయ్యో పాపం" అంటే చాలు, చేతికర్ర నేలకేసి కొట్టేవాడు. అయ్యో పాపం అంటే ఆరునెలల పాపం చుట్టుకుంటుందని పెద్దలు ఊరికే అనలేదు. కానీ ఆ మాట ఎవరికి గుర్తుంటుంది? పలకల గనిలో మందు ముందే పేలి రెండు కళ్ళూ పోయిన నాటినుంచి, మౌలాలి ఏ పనికి చెయ్యి చాపినా ఆ పని అప్పటికే ఎవరో ఒకరు చేసేసి ఉండేవారు. పెళ్ళాం అన్నం కలిపి ముద్దలు చేసి పెట్టేది. తమ్ముడు చొక్కా గుండీలు పెట్టేవాడు. బీడీ నోట్లో పెట్టుకుంటే పక్కవాడు అగ్గిపెట్టె లాక్కుని తనే వెలిగించేవాడు. వాళ్ళది ప్రేమే, కాదనడానికి లేదు. ఆ ప్రేమలో పడి ముప్ఫయ్యేళ్ళు దాటిన మనిషి చంటిపిల్లాడైపోయాడు.

ఒకరోజు ఇంట్లో చెప్పాపెట్టకుండా బస్సెక్కి, నల్లమల అంచున ఉన్న సైదాంబీ జేజి దర్గాకు వచ్చేశాడు.

సైదాంబీ అక్కడి పీరుగారి భార్య. ఆయన పోయాక గద్దె మీద ఎవరూ కూర్చోలేదు. ఆమె గద్దె పక్కన చాప పరుచుకుని కూర్చుంది, జనం వచ్చి ఆమెకే సలాం చేశారు. దూదేకుల ఇంటి ముసలమ్మ, మాట తక్కువ. చిన్నా పెద్దా అందరూ సొంత అవ్వను పిలిచినట్టు జేజి అనే పిలిచేవారు.

"కళ్ళ కోసం వచ్చావా నాయనా?" అని అడిగింది.

"కళ్ళ కోసం ఆస్పత్రికి పోయొచ్చా. నీ దగ్గర మురీదునవుదామని వచ్చా జేజీ."

మురీదు అంటే శిష్యుడు. ఆ దర్గాలో మురీదు కావాలంటే ఒకటే షరతు. ఎవడి టోపీ వాడే అల్లుకోవాలి. తెల్లటి సన్న నూలు, కొనకు చిన్న కొక్కెం ఉన్న ఇనప సూది. పట్నంలో దీన్నే క్రోషా అంటారు. నడినెత్తి దగ్గర మొదలుపెట్టి గుండ్రంగా, వరస మీద వరస అల్లుకుంటూ చెవుల పైదాకా దిగాలి. ఉరుసు రోజు, గంధం ఊరేగింపు బయల్దేరే ముందు, ఆ టోపీ జేజి ముందు పెట్టాలి. బాగుంటే ఆమె దాన్ని వాడి తలకు పెట్టి, తన పైట చెంగు పట్టుకోనిస్తుంది. ఆ క్షణం నుంచి వాడు ఆ ఇంటి మనిషి.

తప్పుంటే కొస పట్టుకుని లాగుతుంది. ఈ అల్లికకున్న గుణమే అది. ఒక్క కొస లాగితే నెలల పనంతా బిరబిరా విడిపోయి నూలైపోతుంది. జేజి ఆ నూలు ఉండ చుట్టి వాడి చేతిలో పెట్టి "మళ్ళీ" అంటుంది. అంతకుమించి ఒక్క ముక్క అనదు. సిలార్ అనే మురీదు టోపీని వరసగా రెండు ఉరుసులు విప్పింది. దర్గాలో అందరికంటే నాజూకుగా అల్లేవాడు ఇప్పుడు ఆ సిలారే.

మౌలాలి సంగతి వినగానే పాత మురీదులు గుసగుసలాడుకున్నారు. వాళ్ళలో పెద్దవాడు చేతులు నలుపుకుంటూ ముందుకొచ్చాడు.

"జేజీ, ఈయనకి టోపీ మాఫీ చెయ్యి. గుమ్మం దగ్గర కూసోని దువా చదువుకుంటాడు. అల్లా ఒప్పుకోడా ఏంది?"

జేజి మౌలాలి వైపు తిరిగింది.

"మాఫీ కావాలా?"

"వొద్దు."

మరుక్షణం అతని ఒడిలో నూలుండ వచ్చి పడింది. దాని వెనకే సూది. అందరికీ ఇచ్చే సూదే, అందరికీ ఇచ్చే సన్న నూలే.

కళ్ళు లేనివాళ్ళకు వేళ్ళ చివర చూపుంటుందని కళ్ళున్నవాళ్ళు చెప్పుకుంటారు. వినడానికి బాగానే ఉంటుంది. మౌలాలి వేళ్ళ చివర ఉన్నవి కాయలు. ఏళ్ళ తరబడి ఉలితో పలకలు చీల్చిన చేతులవి. నిప్పురవ్వ పడినా తెలియని తోలు. అలాంటి వేళ్ళకు దారమంత అల్లికలో చీమ దూరేంత బెజ్జం ఎట్లా తగులుతుంది? సూది ఒకసారి గాలిలో దిగేది, ఒకసారి బొటనవేలులో దిగేది. పైగా వేళ్ళ గరుకుకు నూలు చిరిగి నూగు లేచేది.

రెండో రోజుకే ఓపిక చచ్చిపోయింది.

"బెజ్జం యాడుందో చెప్పు జేజీ!" అని అరిచాడు.

"నీ టోపీలోనే ఉంది" అంది జేజి, తన అల్లిక ఆపకుండా.

మౌలాలి నూలుండ తీసి గోడకేసి కొట్టాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే అదే. ఉండ ఏం చేసింది పాపం! సిలార్ పరుగెత్తుకెళ్ళి తెచ్చి, దుమ్ము దులిపి, మెల్లగా అతని ఒడిలో పెట్టాడు. సిలార్ స్వభావమే అది. మౌలాలి నడిచే దారిలో రాయి కనిపిస్తే ముందే కాలితో నెట్టేసేవాడు. బావి దగ్గర బొక్కెన తనే తోడేవాడు.

ఆ సాయంత్రం నూలు ముడి పడింది. ముడిని పళ్ళతో విప్పుదామని మౌలాలి అల్లికను నోటిదాకా తెచ్చుకున్నాడు. కింది పెదవికి ఏదో తగిలింది. చిన్న గుంట, దాని పక్కన ఇంకొకటి. కాయ కాయని తావు ఒంటిమీద అదొక్కటే మిగిలింది కాబోలు. పెదవి ఆనించిన చోటే సూదికొన ఆనించి గుచ్చాడు. దిగింది.

ఇక అక్కడినుంచి పట్టిందే పట్టు. ఒక కుట్టు, పెదవికి ఆనించడం, ఇంకో కుట్టు, మళ్ళీ పెదవి. చూసేవాళ్ళకు నవ్వొచ్చేది.

"టోపీ తింటున్నావా మౌలాలీ?" అనేవారు.

"తింటన్నా. ఉప్పు తగ్గింది" అనేవాడు.

మొదటి టోపీ ముడుచుకుపోయి వక్కల సంచిలా తయారైంది. జేజికి చూపించాడు. కొస పట్టి లాగింది. "మళ్ళీ." రెండోది వెడల్పయిపోయి మూకుడులా పరుచుకుంది. "మళ్ళీ." నూలు విడిపోతున్న చప్పుడు మౌలాలికి స్పష్టంగా వినబడేది. అప్పుడు ఒళ్ళంతా కోపంతో మండేది. ఆ రోజంతా జేజితో మాట్లాడేవాడు కాదు. కానీ ఆ కోపంలో ఏదో హాయి ఉంది. కళ్ళు పోయిన తర్వాత అతనికి కోపం తెప్పించే ధైర్యం ఎవరూ చేయలేదు.

ఉరుసు దగ్గరపడింది. ఈసారి మధ్యలో చూపించను, ఉరుసు రోజే పెడతాను అన్నాడు మౌలాలి. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం, ఎవరు మాత్రం ఏం చెబుతారు? పొద్దున్నంతా అల్లేవాడు. మధ్యాహ్నం జొన్నరొట్టె తిని, టోపీ గూట్లో పెట్టి కాసేపు కునుకు తీసేవాడు.

చిత్రంగా ఆ రోజుల్లోనే చెయ్యి కుదిరింది. కునుకు తీసి లేచి సూది పట్టుకుంటే బెజ్జాలు వాటంతటవే ఎదురొచ్చేవి. వరస ఎక్కడా గుంజుకుపోవడం లేదు, వదులవడం లేదు. ఒకసారి పెదవికి ఆనించినప్పుడు ఏదో అనుమానం తగిలింది. దాన్ని అక్కడే నొక్కేశాడు. తిడితే ఎందుకని అడుగుతాం కానీ, పొగిడితే ఎందుకని ఎవరడుగుతారు? చివరి వరసలు అల్లి, నూలు తెంపి, కొస లోపలికి దోపేశాడు.

ఉరుసు రోజు దర్గా ముంగిలి జనంతో నిండిపోయింది. సాంబ్రాణి పొగ, మల్లెపూలు, డప్పుల మోత. గంధం పళ్ళెం సిద్ధంగా ఉంది. కొత్తవాళ్ళు ఒక్కొక్కరే టోపీలు పెట్టారు. ఒకరికి తలకెక్కింది, ఇద్దరికి నూలైంది. తర్వాత మౌలాలి వచ్చి తన టోపీ చాప మీద పెట్టాడు.

జనంలోంచి "వాహ్వా" అన్నారు. "గుడ్డాయన అల్లాడంటనే!" "యెంత ఓపికో, చూడండి." ఎవరో ముక్కు ఎగబీల్చారు కూడా. మౌలాలి దవడ బిగించి నిలబడ్డాడు. ఈ ఒక్కటి అయిపోతే చాలు. అందరూ నడిచొచ్చిన దారినే నడిచొచ్చినవాడవుతాడు. ఇక ఎవరైనా పాపం అంటే టోపీ చూపిస్తాడు.

జేజి టోపీని చేతిలోకి తీసుకుంది. తల మీద పెట్టలేదు, లాగలేదు. వేళ్ళతో నెమ్మదిగా తిప్పింది. తిప్పి, మౌలాలి చేతిలోనే పెట్టింది.

"ఇది నీదేనా నాయనా?"

డప్పుల వాళ్ళు ఆగారు.

మౌలాలి టోపీని పెదవికి ఆనించుకున్నాడు. నడినెత్తి దగ్గర వరసలు నూగు లేచి గరగరలాడుతున్నాయి. అవి తనవి. అంచు వరసలూ అంతే. మధ్యలో ఉన్నవి నున్నగా ఉన్నాయి. పాలమీగడంత నున్నగా. తన చేతిలో పడిన నూలు నున్నగా ఉండదు. ఉండే వీలే లేదు.

అనుమానం తగిలిన రోజు గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. అంటే ఆ రోజే తెలుసు. తెలిసీ తెలియనట్టు ఊరుకున్నాడు.

"అవును" అంటే సరిపోతుంది. ఆ ఒక్క మాటకు టోపీ తలకెక్కుతుంది, చెంగు చేతికొస్తుంది. కాదని తెలిసినవాళ్ళు కూడా నోరెత్తరు, జాలి నోరు నొక్కేస్తుంది.

మౌలాలి అంచులో దోపిన కొస వెతికి పళ్ళతో బయటికి లాగాడు. పట్టుకుని గుంజాడు.

జనం హాహాకారాలు చేశారు. అతను ఆగలేదు. ముందు విడిపోయినవి అంచు వరసలు. అవి తనవే, తన పెదవి దాటి వచ్చినవే. వాటిని పోగొట్టుకోకుండా మధ్యవి పోవు. అయినా లాగుతూనే ఉన్నాడు. నున్నటి వరసలన్నీ పోయాక, గరుకు తగిలిన చోట ఆపాడు. చేతిలో మిగిలింది అరచేతంత బిళ్ళ.

"ఇంతవరకే నాది జేజీ."

జేజి ఆ బిళ్ళ తీసుకుని వెలుతురుకు పట్టి చూసింది. ఒకచోట కుట్టు తప్పింది. ఆమె కొస పట్టి ఆ కాస్తా లాగేసింది.

"మళ్ళీ."

ముంగిలి ఒక్కసారిగా భగ్గుమంది. పక్క ఊరినుంచి మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన ఒక పెద్దమనిషి ఉండబట్టలేక లేచాడు.

"ఇదేం కసాయితనమమ్మా! కళ్ళు లేని మనిషి, ఉన్నంతలో చేశాడు. ఆ ముక్కయినా ఉంచితే నీ సొమ్మేం పోయింది?"

మౌలాలి ఆ గొంతు వచ్చిన వైపు గిర్రున తిరిగాడు.

"అయ్యా, నా కుట్టు తప్పింది, ఇప్పింది. సిలార్‌ది తప్పితే రెండేళ్ళు ఇప్పింది. అప్పుడు రాని ఏడుపు ఇప్పుడెందుకు వచ్చింది నీకు? కూసో!"

ఆయన కూర్చున్నాడు.

అప్పుడు సిలార్ ముందుకొచ్చాడు.

"నేనే జేజీ. ఆయన నిద్దరపోయినప్పుడు తప్పిన వరసలు ఇప్పి కొత్త నూలుతో మళ్ళీ అల్లా. నువ్వు చూస్తే లాగేస్తావని... మంచికే చేశా."

"టోపీ తియ్యి" అంది జేజి.

సిలార్‌కు అర్థం కాలేదు. తల మీది టోపీ తీసి ఇచ్చాడు. రెండు ఉరుసులు ఓడి, మూడో ఉరుసుకు గెలుచుకున్న టోపీ. దర్గాలో అంత నాజూకైన అల్లిక ఇంకొకటి లేదు. జేజి దాని అంచు తిరగేసి, కొస వెతికి, లాగింది. వరస వెంట వరస ఆమె ఒడిలోకి దిగిపోయింది.

"నేనేం తప్పు చేశా జేజీ?" అన్నాడు సిలార్. "ఆయనది ఏం తీసుకున్నా నేను?"

"ఈయన తప్పులు" అంది జేజి. "ఈయన చాలా దూరం వచ్చి సంపాయించుకున్నాడు వాటిని. నువ్వు దొంగిలించావు."

రెండు ఉండలు చుట్టింది. ఒకటి సిలార్ చేతిలో, ఒకటి మౌలాలి చేతిలో పెట్టింది. లేచి, గంధం పళ్ళెం నెత్తికెత్తుకుంది. డప్పులు మోగాయి. జనం ఆమె వెనకాల కదిలారు.

చాప మీద ఇద్దరే మిగిలారు. ఇద్దరి తలలూ బోసిగా ఉన్నాయి.

మౌలాలి ఆలస్యం చేయలేదు. బొడ్లోంచి సూది తీశాడు. నూలు మెలివేసి మొదటి ముడి వేశాడు. పెదవికి ఆనించి చూసుకున్నాడు. వంకరగా ఉంది. తనదే. అతని మొహం మీదికి నవ్వు వచ్చింది. ఇన్నాళ్ళలో ఆ నవ్వు దర్గాలో ఎవరూ చూడలేదు.

ఆ నవ్వులో మోకాలు కదిలి నూలుండ ఒడిలోంచి జారింది. పలకలు పరిచిన ముంగిట్లో దొర్లుకుంటూ ఎక్కడికో పోయింది.

సిలార్ చటుక్కున లేచాడు.

"కూసో సిలారూ" అన్నాడు మౌలాలి, మోకాళ్ళ మీద వంగి నూలు వెంబడి చెయ్యి జరుపుకుంటూ. "కొస నా చేతిలోనే ఉంది."

సిలార్ నిలబడ్డాడు. ఒక అడుగు వేయబోయి ఆగాడు. తర్వాత కూర్చుని, తన సూది తీసుకున్నాడు.