గువ్వలదీవి పిడికిలమ్మ తల్లి వెలసిన వైనం

గువ్వలదీవి రేవులో ఓడ దిగిన భక్తులు అమ్మవారి గుడి ఏ కొండమీద ఉందోనని తల ఎత్తి చూస్తారు. ఇక్కడ తల ఎత్తనక్కరలేదు, దించాలి. దీవి నడుమ ఉన్న పెద్ద గోతిలోకి రాతిమెట్ల దారిన దిగితే, అడుగున రేకుల పందిరి కింద మోకాలెత్తు మట్టికుప్ప కనిపిస్తుంది. ఆ కుప్పే పిడికిలమ్మ తల్లి. విగ్రహం లేదు, ముక్కుపుడక లేదు, వెండి కళ్ళు లేవు. ఇక్కడ కొబ్బరికాయ కొట్టరు. తమ ఊరినుంచి మూటగట్టి తెచ్చిన పిడికెడు మట్టిని కుప్పమీద పోసి, పసుపు చల్లి, దండం పెట్టుకుంటారు. కొత్తగా వచ్చినవారు “ఇదేం దేవతండీ?” అని అడుగుతూ ఉంటారు గనుక ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాం. తీపి కథ కావలసినవారు ఇక్కడితో ఆపవచ్చు.

పూర్వం ఇక్కడ మనుషులు లేరు, సముద్రపు గువ్వలు ఉండేవి. యుగాల తరబడి వాటి రెట్ట పేరుకుని, గట్టిపడి, దీవి అంతా తెల్లమట్టి దిబ్బలైంది. ఆ మట్టి చల్లితే చవిటినేల కూడా పండుతుందని ఒక దొరల కంపెనీ కనిపెట్టింది. కళింగపట్నం వైపునుంచి మనవాళ్ళను ఓడలెక్కించి తెచ్చి తవ్వకానికి పెట్టింది. మనవాళ్ళు ఊరి అమ్మవారిని వెంట తెచ్చుకోలేకపోయారు. దీవి నడుమ గుట్టమీద ఒక రాయి నిలిపి, పసుపు పూసి, గుట్టమ్మ అని పిలుచుకున్నారు. పోయినవారిని ఆ రాయి చుట్టూ పూడ్చుకున్నారు. గుట్టను ముట్టుకుంటే కూలీలు పారలు కింద పడేస్తారని కంపెనీ దాన్ని వదిలిపెట్టి చుట్టూ తవ్వుకుపోయింది. దొరలకు భక్తి ఉందని కాదు, భయం ఉంది. తరవాత వచ్చినవారికి ఆ మాత్రం భయం కూడా లేకపోయింది.

దొరలు వెళ్ళిపోయాక దీవి దేశమైంది. జెండా వచ్చింది, పాట వచ్చింది, శాసనసభ వచ్చింది. మొదటి అధ్యక్షుడు పైడినాయుడు. అతని తండ్రి ఎర్రయ్య తవ్వకం కూలీ. మట్టిగట్టు విరిగి మీద పడితే చనిపోయాడు, గుట్టమీదే పూడ్చారు. తల్లి సన్యాసమ్మ రోజూ గుట్టెక్కి రాయి ముందు దీపం పెట్టేది. కొడుకు అధ్యక్షుడైనా ఆ పని మానలేదు. ఆమె కోరిక ఒక్కటే. “నన్ను మీ నాయన పక్కనెట్టు. నాకింకేటీ వద్దు” అని కొడుకు చేత చేతిలో చెయ్యి వేయించుకుంది.

పైడినాయుడు దుర్మార్గుడు కాడు. తెల్లమట్టి అమ్మిన సొమ్ముతో ఆసుపత్రి కట్టాడు, బడి కట్టాడు, దీవి చుట్టూ రోడ్డు వేశాడు. పొద్దున నడక మొదలుపెడితే మధ్యాహ్నానికి చుట్టి రాగల దేశంలో ప్రతి ఇంటి ముందూ కారు నిలిచింది. బియ్యం ఓడమీద వచ్చేది, కూరలు ఓడమీద వచ్చేవి, తాగే నీళ్ళు కూడా అంతే. పార పట్టడానికి వేరే దేశాలనుంచి మనుషులను తెచ్చారు. మనవాళ్ళు అరటిపిలక నాటడం సైతం మరిచిపోయారు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని పెద్దలు సామెతకు అన్నారు. ఇక్కడ అది కళ్ళముందే జరిగింది.

చివరికి గుట్ట ఒక్కటే మిగిలింది. అమ్మడానికి మట్టి లేకపోయేసరికి బియ్యపు ఓడ రావడం తగ్గింది. జనం అధ్యక్షుడి వాకిట మూగారు. గుట్ట తవ్వుదామని ఎవరూ నోరు విప్పలేదు, తవ్వవద్దని కూడా అనలేదు. అప్పుడు పైడినాయుడు సభలో లేచి, గుట్టమ్మ తన కలలోకి వచ్చిందని చెప్పాడు. ‘బిడ్డలు పస్తుంటే నాకు గుట్టెందుకు, తవ్వుకోండి’ అని తల్లి ఆనతిచ్చిందన్నాడు. కలలో ఆనతి అయిందంటే మనవాళ్ళు ఎదురు చెప్పరు. అందులోనూ అది కడుపు నింపే ఆనతి. సభ మొత్తం దండం పెట్టింది.

సన్యాసమ్మ ఒక్కతే కొడుకును నిలదీసింది.

“నీ కల్లోకొచ్చిందా నాయినా? దీపమెట్టేది నేను. నాకు సెప్పకుండా నీకెందుకు సెప్పింది?”

పైడినాయుడు తల దించుకున్నాడు. “ఆకలితో ఉన్నోళ్ళకి ఏదో ఒకటి సెప్పాలి గదమ్మా” అన్నాడు.

“సెప్పు. నీ పేరున సెప్పు. తల్లి పేరున అబద్ధమాడకు” అని ఆమె వెళ్ళిపోయింది.

గుట్టను తవ్వారు, గొయ్యి పడి అడుగు బండ తగిలేదాకా తవ్వారు. రాయి ఏ బండిలో కలిసిపోయిందో ఎవరికీ తెలియదు. ఎముకలు కూడా మట్టితోపాటే పోయాయి. అవీ మంచి ఎరువేనని కొనేవారు కాదనలేదు. రాయడానికి మాకే సిగ్గుగా ఉంది. ఎర్రయ్యను పూడ్చిన చోట పార పడిన రోజున సన్యాసమ్మ వంగి పిడికెడు మట్టి తీసుకుంది. ఆ పిడికిలి మళ్ళీ విప్పలేదు. కొన్నాళ్ళు ఎడమచేత్తో తిన్నది, తరవాత తినడమే మానేసింది. ఆఖరి మట్టి ఓడ రేవు విడిచిన నాడు ఆమె ప్రాణం విడిచింది.

ఆమెను పూడుద్దామంటే దీవిలో మట్టి లేదు. ఎక్కడ పార వేసినా రాయి ఖంగుమంది. సముద్రంలో వదులుదామన్నారు పెద్దలు. పైడినాయుడు వినలేదు. తండ్రి ఉన్న చోటు ఇప్పుడు గాలిలో ఉంది గనుక, దానికి సరిగ్గా కింద, గోతి అడుగున బండమీద తల్లిని పడుకోబెట్టాడు. చేతిలోని మట్టైనా ఆమె గుండెలమీద వేద్దామని పిడికిలి విప్పబోయాడు. వేళ్ళు రాలేదు. అప్పుడతను బండమీద కూలబడి, గోతి గట్టున నిలబడ్డ జనమంతా వినేట్టు, “గుట్టమ్మ నా కల్లోకి రాలేదు. ఎప్పుడూ రాలేదు” అని ఏడ్చాడు.

పక్కింటి నూకాలమ్మ పైనుంచి అన్నది: “ఆ సంగతి మాకు తెలీదేటి, నాయుడూ?”

గట్టుమీది జనం ఒక్కొక్కరే ఇంటికి వెళ్ళారు. తులసికుండీలు బోర్లించారు, గడపల సందుల్లో దుమ్ము ఊడ్చారు, కార్లలో కాళ్ళకింది పట్టాలు దులిపారు. తలా పిడికెడు తెచ్చి ఆమెమీద పోశారు. మట్టి ఒంటిని కప్పింది గాని పిడికిలికి చాలలేదు. అది పైకే ఉండిపోయింది. ఆ తరవాత వచ్చిన ప్రతి ఓడవాడినీ పిడికెడు మట్టి అడిగి తెచ్చి, చాలాకాలానికి దాన్ని కప్పగలిగారు. అందుచేత ఆమె పిడికిలమ్మ అయింది.

ఇప్పుడీ దేశం చేపలవేటకు అనుమతులు అమ్ముకుని, పెద్ద దేశాలు ఇచ్చినది తిని బతుకుతోంది. కొత్త అధ్యక్షుడు ప్రమాణానికి ముందు చెప్పులు విడిచి గోతిలోకి దిగాలి. దీపం పెట్టే ఇల్లాలు “కల ఏదైనా వచ్చిందా?” అని అడుగుతుంది. “రాలేదమ్మా” అని జనం వినేట్టు చెప్పాకే ప్రమాణం. ఈ క్షేత్రంలో కలలో ఆనతి అయిందని చెప్పడం ఎవరికైనా నిషిద్ధమని భక్తులు గమనించగలరు.

తల్లికి మట్టి సమర్పించినవారికి చివరినాడు కప్పే మట్టికి కరువుండదని ఇక్కడివారి నమ్మకం. మూట తెచ్చుకోవడం మరిచినవారికి ఇవ్వడానికి మా దగ్గర మట్టి లేదు. దీవివాసులకూ లేదు. వారు తల్లి దినాన మూసిన పిడికిలితో మెట్లు దిగి వస్తారు, కుప్ప ముందు విప్పి ఖాళీ అరచెయ్యి చూపించి వెళ్ళిపోతారు.