వందో విస్తరి

తిరుపాలు చిక్కు ఒక్కటే. కూతురి పెళ్లికి దాచిన డబ్బు వంద విస్తళ్లకే సరిపోతుంది. వంద దాటితే అప్పు చేయాలి. అప్పు చేయనని గురువు ముందు ఏనాడో మాట ఇచ్చాడు.

గిద్దలూరు అవతల, నల్లమల అంచున ఉన్న చిన్న పల్లె వాళ్లది. తిరుపాలు బేల్దారి మేస్త్రి. గోడ ఎక్కడ ఆపాలో తెలిసినవాడు కాబట్టి ఖర్చూ అలాగే ఆపాడు. బ్యాండు లేదు, లైట్ల పందిరి లేదు, వీడియో అసలే లేదు. పేర్లు రాస్తూ కొట్టేస్తూ వారం రోజులు కూర్చుని, జాబితాను సరిగ్గా వందకు తెచ్చాడు. వియ్యాలవారు నలభై, మనవాళ్లు అరవై.

ఆ కాగితం పట్టుకుని తన గురువు చెంచయ్య స్వామి దగ్గరికి వెళ్లాడు.

స్వామి ఊరి బయట పాకలో ఉంటాడు. మోదుగాకులు ఏరి తెచ్చి, విస్తళ్లు కుట్టి, అమ్ముకుని తింటాడు. ఉపదేశానికి మాత్రం ఎవరి దగ్గరా ఏమీ తీసుకోడు.

"విస్తళ్లు ఒక కట్ట కావాల సామీ," అన్నాడు తిరుపాలు. కట్టంటే వంద.

"అప్పు చేసినావా?"

"లేదు సామీ."

"మంచి పని. పేర్లు చదువు."

తిరుపాలు చదవసాగాడు. ఒక్కో పేరుకు ఒక్కో విస్తరి తీసి పక్కన పేర్చాడు స్వామి. మొదటి పేరు స్వామిదే. చివరి పేరు తిరుపాలుది. కట్ట పూర్తయింది. స్వామి దాన్ని నారతో కట్టబోతూ ఆగాడు.

"పిల్లను గంపలో కూర్చోబెట్టి పీటల కాడికి తెచ్చేదెవరు? మేనమామ పేరు వినపడలేదే."

తిరుపాలు తల దించుకున్నాడు. "ఆ గంప ముచ్చట తీసేసినా సామీ. ఖర్చులు తగ్గించుకోవాల కదా."

"గంపకు ఖర్చేముంది?"

"గంపకు కాదు. మోసేవాడికి ఒక విస్తరి కావాల. వందకు మించి కుదరదు."

ఈ మాట తిరుపాలు అంతకుముందే ఇంట్లోనూ చెప్పి ఉన్నాడు. భార్య రవణమ్మ ఎదురు చెప్పలేదు. ఆ మేనమామ కాశయ్య ఆమెకు ఒక్కగానొక్క తమ్ముడు. మరునాడు ఆమె అటక మీది గంప దించి, కడిగి, పసుపు రాసి, మళ్లీ అటక మీదే పెట్టింది. పెళ్లికూతురు మహేశ్వరి అది చూసి పెరట్లోకి వెళ్లిపోయింది. చిన్నప్పుడు జాతరలన్నీ ఆ మామ భుజాల మీదే చూసిన పిల్ల.

స్వామి ఇంకా చూస్తూనే ఉన్నాడు. తిరుపాలుకు దాచడం చేతకాలేదు.

"నేను ఉపదేశం తీసుకున్న రోజు వాడు మిమ్మల్ని ఏమన్నాడో ఊరంతా విన్నది సామీ. మూడేళ్లయింది. వాడు నా గడప తొక్కకూడదు."

"ఏమన్నాడు?"

"నా నోటితో అనలేను."

"అను."

"ఆకులు కుట్టుకునే ముసలోడు మోక్షం చూపిస్తాడా బావా, అన్నాడు."

స్వామి చేతిలోని ఆకుల వైపు చూసుకున్నాడు. "కుడుతున్నా కదా," అన్నాడు.



స్వామి చెయ్యి చాపి, తిరుపాలు చెవి మీదున్న మేస్త్రి పెన్సిల్ తీసుకున్నాడు. కాగితం మోకాలి మీద పరిచి మొదటి పేరు కొట్టేశాడు. కాగితం, పెన్సిల్ తిరిగి ఇచ్చాడు.

"ఇక్కడ చోటుంది. రాయి."

"మీరు రాని పెళ్లి నాకెందుకు సామీ?"

"పెళ్లి నీకు కాదు."

స్వామి కట్ట బిగించాడు. ఒక్క విస్తరి కూడా ఎక్కువ పెట్టలేదు.

రెండు రోజుల తర్వాత తిరుపాలు బస్సెక్కి మార్కాపురం వెళ్లాడు. కాశయ్య అక్కడ పలకల పని చేస్తాడు. దుమ్ము కొట్టుకుపోయిన మొహంతో బయటికి వచ్చి, బావను చూసి నిలబడిపోయాడు.

"పాప పెళ్లి. నువ్వే మోయాల," అన్నాడు తిరుపాలు.

"ఆ సామి ఉంటాడు కదా. ఏం మొహం పెట్టుకుని వచ్చేది?"

"ఉండడు. వందమందికే వంట. ఆయన విస్తరి నీకిచ్చి ఆయన మానుకున్నాడు."

కాశయ్య బస్సు దాకా వచ్చి సాగనంపాడు.

పెళ్లి రోజు పొద్దున్నే వచ్చాడు. గంప ఎత్తాడు. పీటల దగ్గర దించినా మహేశ్వరి అతని మెడ చుట్టూ వేసిన చెయ్యి తీయలేదు. రవణమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తిరుపాలు మాత్రం ముఖం తిప్పుకున్నాడు. గురువు లేని పందిరి అతనికి బోసిగా ఉంది.

మధ్యాహ్నం భోజనాల బంతులు లేచాయి. కాశయ్య ఆఖరి బంతిలో కూర్చున్నాడు. అన్నం, పప్పు, కూర, బూరె అన్నీ వడ్డించారు. అతను ముద్ద కలపలేదు. విస్తరి అంచులు దగ్గరికి మడిచి, తుండుగుడ్డలో చుట్టుకుని లేచి, ఎవరితోనూ చెప్పకుండా వెళ్లిపోయాడు.

పెళ్లింట పెట్టిన అన్నం ముట్టకుండా లేవడం కంటే అవమానం ఉందా? తిరుపాలుకు ఒళ్లు మండింది. స్వామి తన విస్తరి ఇచ్చింది ఇలాంటివాడికా? తన వంతు విస్తరి అలాగే వదిలేసి, నిలదీయాలని ఎండలో వెంట పడ్డాడు.

కాశయ్య బస్సు దారి పట్టలేదు. ఊరు దాటి పాక వైపు తిరిగాడు. తిరుపాలు నడక నెమ్మదించింది.

అతను చేరేసరికి పాకలో చాప మీద విస్తరి పరిచి ఉంది. ఒకవైపు స్వామి, ఎదురుగా కాశయ్య. స్వామి అన్నాన్ని వేళ్లతో రెండు వైపులకూ సర్దుతున్నాడు. కాశయ్య తల ఎత్తడం లేదు. అతని కళ్లనీళ్లు చాప మీద పడుతున్నాయి.

గుమ్మంలో నీడ చూసి స్వామి తల ఎత్తాడు.

"నువ్వు తిన్నావా తిరుపాలూ?"

"లేదు సామీ."

స్వామి అన్నాన్ని మళ్లీ కలిపి, ఈసారి మూడు భాగాలు చేశాడు.

"కాస్త జరుగు కాశయ్యా," అన్నాడు. "చోటుంది."