ఆఖరి వరసలో మినపాకు

ఇస్రాయేలు మాస్టారిని ఏదైనా అడిగి చూడండి, జవాబు రాదు. ఆయన చేతికర్ర తీసుకుని మెల్లగా లేచి, హాల్లో ఆఖరి వరసకు వెళ్ళి కూర్చుంటారు. అడిగినవాడు వెనకాలే వెళ్ళి పక్కన కూర్చోవాలి. ఆ తర్వాత అక్కడ ఏం జరిగితే అదే జవాబు. ఒకప్పుడు సినిమా హాళ్ళలో ఆపరేటరుగా రీళ్ళు తిప్పి, రీళ్ళ కాలం చెల్లిపోయాక పెద్ద పెద్ద సభాభవనాలకు తెరలూ ప్రొజెక్టర్లూ ఎంచిపెట్టే పనిలో పడ్డ మనిషి ఆయన. ఆ పని నేర్చుకుంటామని వచ్చినవాళ్ళలో సగంమంది ఈ ఆఖరి వరస వ్యవహారం భరించలేకే పారిపోయారు. పారిపోనివాళ్ళలో శేషుబాబు ఒకడు.

అలాగని శేషుబాబు నెమ్మదస్తుడేమీ కాడు. కూర్చుంటే కాలు ఊపుతాడు, నిలబడితే గడియారం చూస్తాడు. ఆ జనవరి నెల పొద్దున గొరిజవరం రైతు శిక్షణ భవనంలో అయితే మరీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. వెయ్యిమంది పట్టే హాలు అది. చుట్టుపక్కల ముప్ఫై ఊళ్ళ రైతుల్ని పిలిచి, ఏ పైరుకు ఏ తెగులు ఎలా వస్తుందో తెరమీద చూపించడానికి కట్టారు. ఏ ప్రొజెక్టరు కొనాలో రాసి మధ్యాహ్నం రెండు గంటలకల్లా కమిటీ చేతిలో పెట్టాలి. ఆ కాగితం కింద ఈసారి సంతకం మాస్టారిది కాదు, శేషుబాబుది. అతను ఏది రాస్తే వాళ్ళు అది కొంటారు, కొన్నాక ఇక పదేళ్ళు దాంతోనే కాపురం.

అతని బెంగకు ఇంకో కారణం కూడా ఉంది. రెండేళ్ళ కిందట ఒక కల్యాణమండపానికి ఇతను నోటిమాటగా చెప్పిన ప్రొజెక్టరు, తీరా పెళ్ళినాడు వెలుతురు చాలక వెలవెలబోయింది. తెరమీద పెళ్ళికొడుకెవరో, పురోహితుడెవరో ఆనవాలు దొరకలేదు. జనం కాసేపు చూసి, నవ్వుకుని, భోజనాలకు లేచిపోతుంటే శేషుబాబు స్తంభం చాటున నిలబడి తల దించుకున్నాడు. ఆ సిగ్గు అతనికి ఇప్పటికీ పోలేదు. అప్పటినుంచీ ఎవరు ఏ హాలు సంగతి ఎత్తినా అతని నోట వచ్చే మొదటి మాట వెలుతురే.

ఆ పొద్దున పరీక్షకు రెండు కంపెనీలవాళ్ళు చెరొక మెషీను తెచ్చిపెట్టారు. రెండూ లేజరువే, బల్బు మార్చే బాధ లేనివే. మొదటిదాని వెలుగు ఇరవై వేల ల్యూమెన్లు, రెండోదానిది పన్నెండు వేలు. ఆ రెండు అంకెలూ చూడగానే శేషుబాబు మనసు ఎటు మొగ్గిందో చెప్పక్కర్లేదు. అయినా శాస్త్రానికి గురువుగారిని అడగాలి కదా అని అడిగాడు.

"మాస్టారూ, ఇంత హాలుకు ఎంత వెలుగైతే చాలంటారు?"

మాస్టారు కర్ర తీసుకుని ఆఖరి వరసకు బయల్దేరారు.

మొదటి మెషీను వెలిగించారు. సముద్రంలో రంగురంగుల చేపలు, పురివిప్పిన నెమళ్ళు, మంచుకొండలు. కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నా తెర భగభగమంటోంది. శేషుబాబుకు ప్రాణం లేచొచ్చింది. హాలు నాలుగు మూలలా తిరిగి చూశాడు, బాల్కనీ ఎక్కి చూశాడు, దిగివచ్చి జేబులోంచి పెన్ను తీశాడు. అప్పుడు మాస్టారు నోరు విప్పి ఒకే ఒక్క ప్రశ్న వేశారు.

"ఇక్కడ రైతులకు చేపలు చూపిస్తారా?"

శేషుబాబు చిన్నబుచ్చుకున్నాడు. అయినా ఆఫీసు గదిలోకి వెళ్ళి, శిక్షణకని వ్యవసాయాధికారి తయారుచేసిన బొమ్మలు అడిగి తెచ్చాడు. ఈలోగా మాస్టారు ఇంకో పని పురమాయించారు. బయట నువ్వుల విత్తనాలకు పేర్లు రాయించుకునే వరస ఉంది, అందులోంచి ఒకరిని పిలుచుకు రమ్మన్నారు. వరసలో ఉన్నవాళ్ళెవరూ కదలమన్నారు. చివరికి రామసుబ్బమ్మ అనే ఆవిడ, తన చోటు పోకుండా చూసే పూచీ శేషుబాబుదేనని నలుగురి ముందూ ఒప్పించుకుని మరీ వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. మెత్తటి కుర్చీలో కూర్చుని, ఇంత మెత్తన అయితే మీటింగుల్లో నిద్రపోవడం ఖాయమని తేల్చేసింది.

తెరమీద ఒక ఆకు పడింది. అదేమిటో చెప్పమన్నాడు శేషుబాబు. ఆవిడ కళ్ళు చికిలించనైనా లేదు. మినపాకని, నిగనిగలాడుతోందని, ఏ మారాజు చేనో గానీ ఎరువు బాగా పడిందని చెప్పింది.

ఆఖరి వరసలోంచి, అదీ అద్దాలు లేని కళ్ళకు, అది మినపాకని తెలిసిపోయింది. ఇంతకన్నా ఏం కావాలి! శేషుబాబు మాస్టారి వంక గర్వంగా చూశాడు. మాస్టారు మాత్రం అతని ఒళ్ళోని లాప్‌టాప్ వంక చూస్తున్నారు. శేషుబాబు కూడా తల దించి చూశాడు. అదే ఆకు, అదే బొమ్మ. కానీ లాప్‌టాప్‌లో ఆకు నిండా పసుపురంగు చుక్కలున్నాయి, ఆవగింజలంత. బొమ్మ కింద, తెరమీద పడని చోట, పల్లాకు తెగులు, తొలిదశ అని రాసి ఉంది. తెరమీద ఆ చుక్కల్లో ఒక్కటీ లేదు. ఆ వెలుతురులో పసుపంతా ఆకుపచ్చలో కలిసిపోయి, రోగం పట్టిన ఆకు నవనవలాడుతోంది.

 శేషుబాబు పరుగున వెళ్ళి కంపెనీ మనిషిని నిలదీశాడు. అతనేమీ దాచలేదు. ఇరవై వేల వెలుగు రావాలంటే మెషీను ఆకుపచ్చ వైపు మొగ్గక తప్పదట. రంగులు ఉన్నవి ఉన్నట్టు కావాలంటే ఇంకో పద్ధతిలో పెట్టుకోవచ్చట, అప్పుడు వెలుగు సగానికి పడిపోతుందట. పెట్టి చూపించాడు కూడా. చుక్కలు వచ్చాయి గానీ, మసిగుడ్డతో తుడిచినట్టు మరకలు మరకలుగా వచ్చాయి. కొనేవాళ్ళు ఎవరూ రంగు సంగతి అడగరని, అంకె ఒక్కటే అడుగుతారని అతను నిజాయితీగానే చెప్పాడు. ఆ అడిగేవాళ్ళలో తానూ ఒకడినని శేషుబాబుకు తెలుసు.

ఇక రెండోది. మాస్టారు కర్రతో తూర్పు కిటికీల వైపు చూపించారు. శేషుబాబు వాటిని మూసివచ్చాక కూడా మొదటిదాని మరకలు మరకలుగానే ఉన్నాయి. అప్పుడు అదే ఆకు బొమ్మతో రెండో మెషీను వెలిగించారు. భగభగ లేదు, మెరుపు లేదు. ముందు దాన్ని చూసిన కళ్ళకు ఇది కొంచెం మందంగానే ఉంది. శేషుబాబుకు కల్యాణమండపం స్తంభం గుర్తొచ్చింది.

రామసుబ్బమ్మ కంది ధర గురించి మాస్టారితో ఏదో చెబుతూ చెబుతూ ఆగిపోయింది. కుర్చీ అంచుకు జరిగింది. తర్వాత లేచి, రెండు వరసల మధ్యనుంచి తెర దాకా నడిచి వెళ్ళి, మెడ ఎత్తి నిలబడింది. ఆమె ముఖంలో ఇందాకటి హాస్యం లేదు.

ఆ చుక్కలేమిటని అడిగింది. శేషుబాబు బొమ్మ కింద రాసి ఉన్నదంతా చదివి వినిపించాడు. పల్లాకు మొదలయ్యేటప్పుడు ఆకు ఇలాగే ఉంటుందని, ఆ మొక్కల్ని అప్పుడే పీకి పారెయ్యాలని, లేకపోతే తెల్లదోమ వాటిమీద వాలి తెగులును చేనంతా అంటిస్తుందని. ఎన్నాళ్ళలో అని అడిగింది. వారం పదిరోజులు చాలునని రాసి ఉంది.

 ఆవిడ తనలో తాను చెప్పుకుంటున్నట్టు అంది.

"కాలవ పక్క పొలం చెక్కలో ఈ చుక్కలే నిన్న చూశా. పోషణ చాలక అనుకున్నా."

ఎన్ని ఎకరాలని శేషుబాబు అడిగాడు. రెండున్నర అని, అదీ కౌలు చేనని చెబుతూనే ఆమె గుమ్మం వైపు నడిచింది. కొంగు నడుముకు బిగించి, విత్తనాల వరస పక్కనుంచే పోతోంది. వరసలోవాళ్ళు ఆమె చోటు చూపించి పిలిచారు. ఆమె వినిపించుకోలేదు. రోడ్డుమీద ఖాళీ ఆటో కనపడితే చెయ్యెత్తి ఆపి, పూర్తిగా ఎక్కకముందే కాలవకట్టకు పొమ్మంది.

శేషుబాబు గుమ్మంలో నిలబడి ఆ ఆటో కనుమరుగయ్యేదాకా చూశాడు.  ఇందాక మొదటి మెషీను బొమ్మ ఒక్కటే చూపించి పంపించేసి ఉంటే ఆవిడ నువ్వులకు పేరు రాయించుకుని, నింపాదిగా ఇంటికి పోయి ఉండేది. ఆ ఊహకు అతను భయపడ్డాడు. కానీ వెనక్కి తిరిగి తెర చూడగానే పాత భయం మళ్ళీ పట్టుకుంది. గడియారం ఒంటిగంట దాటింది. కాగితం ఇంకా తెల్లగానే ఉంది. అతను ఆఖరి వరసకు వచ్చి, మాస్టారి పక్కన కూలబడి, దాచుకోలేక చెప్పేశాడు. కమిటీవాళ్ళకు మెరుపు కావాలి. ప్రారంభోత్సవానికి పెద్దలొస్తారు, ఊళ్ళన్నీ వస్తాయి. రెండోదాన్ని రాసిస్తే ఆ రోజు తన గతేమిటి?

"ఇంత మందంగా ఉంటే, బొమ్మ నడుస్తుండగానే జనం లేచి వెళ్ళిపోతారు మాస్టారూ."

మాస్టారు పెన్ను తీసి అతని చేతిలో పెట్టారు.

"సినిమా హాల్లో ఆట మధ్యలో ఒక్కడు లేచినా, పైన గదిలో నా గుండె ఆగినంత పనయ్యేది. ఇది లేచి వెళ్ళాల్సిన హాలు, శేషూ."