తొంభై వరహాల మరక

మణిగిరి రాజు జయసింహ భూపతికి ఒకనాడు ఒక సరదా పుట్టింది. దేశాలు తిరిగే పాత నాణేల వర్తకుడొకాయన కొలువుకు అతిథిగా వచ్చాడు. తాతగారు కూడబెట్టిన వెండి నాణేలు చూపించి ఆయన చేత ఔరా అనిపించుకోవాలని రాజుగారి ముచ్చట. మర్నాడు పొద్దున్నకల్లా నాణేల పెట్టె సభకు రావాలని కబురు వెళ్ళింది.

ఆ పెట్టెకు కాపలాదారు పేరయ్య. ఇరవై ఏళ్ళ ఉద్యోగం, పనంటూ ఏమీ లేదు. పొద్దున్నే వెళ్ళి పెట్టె ఉందో లేదో చూడాలి, ఉంటే ఓ కునుకు తీయాలి. పెట్టె ఎప్పుడూ ఉండేది. ఏం చేస్తుంటావని ఎవరైనా అడిగితే, నేనూ పెట్టే ఒకరినొకరు కనిపెట్టుకుని ఉంటామనేవాడు. తనను తాను ఆడిపోసుకోవడంలో మాత్రం ఏనాడూ బద్ధకించలేదు.

ఈసారి భార్య మంగాయమ్మ ఊరుకోలేదు. ఇన్నాళ్ళు తిన్న జీతానికి ఒక్క పనైనా చేసి చూపించమంది. పేరయ్యకు రోషం వచ్చింది. చింతపండు, బూడిద తెప్పించుకుని నల్లబడ్డ నాణేలు తోమడానికి కూర్చున్నాడు. నలభైలో పన్నెండు అయ్యేసరికి నడుం పట్టేసింది. మిగతావి అలాగే వదిలేసి పడుకున్నాడు.

మర్నాడు సభలో ఆ పన్నెండూ తళతళా మెరిశాయి. పేరయ్య మెడ సాచి అందరి ముఖాలూ చూశాడు, ఎవరైనా మెచ్చుకుంటారేమోనని.

వర్తకుడు చూశాడు. తోమనివాటికి ఒక్కోదానికి నూరు వరహాలు కట్టాడు. తోమినవాటికి పది. వెండి మీద ఏళ్ళ తరబడి దానంతటదే పట్టే రంగు ఉంటుందట. అంచున పసుపు, ఆపైన ఎరుపు, నీలం, నలుపు. ఆ నాణెం వయసుకు అదే సాక్ష్యమట. తోమితే వయసు కొట్టుకుపోయి ఒట్టి వెండి మిగులుతుందట.

రాజుగారి ముఖం కందగడ్డ అయింది.

"అంటే ఒక్కో మరకా తొంభై వరహాలన్నమాట. పన్నెండు మరకలు కడిగి పారబోశావు పేరయ్యా. నాలుగు రోజుల్లో వాటిని మళ్ళీ తెచ్చిపెట్టు. లేదంటే కొలువు వదిలిపో."

మరకను తెమ్మంటే ఎక్కడి నుంచి తెస్తాడు? పేరయ్యది యాభై దాటిన వయసు. వేరే విద్య రాదు, ఈ విద్య కూడా రాదని ఇప్పుడే తేలిపోయింది. నిజంగానే భయం వేసింది.

అప్పుడు లేచాడు టంకశాల అధికారి రంగప్ప. తనకు తెలియని లోహం భూమిలో ఇంకా పుట్టలేదని తానే చాటుకునే మనిషి. మీసం దువ్వుకుంటూ, ఆ పన్నెండూ తనకిస్తే మూడు రోజుల్లో తాతలనాటి రంగు రప్పిస్తానన్నాడు. బదులుగా ఆ పెట్టె తాళంచెవి తన బావమరిదికి ఇప్పిస్తే చాలునన్నాడు. రాజు సరేనన్నాడు.

ఆ మూడు రోజులూ పేరయ్య ఇంట్లో కూర్చుని తనను తాను తిట్టుకున్నాడు. చేయక చేయక ఒక్క పని చేశాను, అదీ ఎవరూ అడగనిది అని కనిపించినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

నాలుగో రోజు రంగప్ప పళ్ళెం తెచ్చి సభలో పెట్టాడు. నాణేలు నెమలికంఠం రంగులో నిగనిగలాడుతున్నాయి. వర్తకుడు ఒకటి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, ఏమీ అనకుండా దించేశాడు. అతిథిగా వచ్చి తప్పులు పట్టడం ఎందుకనుకున్నాడు కాబోలు. రాజు మాత్రం పొంగిపోయి, తాళంచెవి ఇచ్చెయ్యమన్నాడు.

పేరయ్య మొలలోంచి తాళంచెవి తీశాడు.

"ఇస్తాను ప్రభూ. తెలివితక్కువవాణ్ణి, చిన్న సందేహం. వీటిని పెట్టెలో సర్దాలి కదా, ఏ ముఖం పైకి పెట్టాలో రంగప్పగారు చెబితే బాగుంటుంది."

రంగప్ప నవ్వాడు. "ఏ ముఖమైతేనేం? రెండు వైపులా వెంట్రుకవాసి తేడా లేకుండా రంగు వచ్చింది. అదయ్యా పనితనమంటే."

పేరయ్య పెట్టె తెరిచి, తోమని నాణెం ఒకటి తీసి రాజుగారి అరచేతిలో పెట్టాడు. పై ముఖం నీలం, నలుపు. రాజు దాన్ని తిప్పాడు. రెండో ముఖం ఇంచుమించు తెల్లగానే ఉంది. ఇంకోటి తిప్పాడు. అదీ అంతే.

"తాతగారు పెట్టిన నాటి నుంచి వీటికి ఒక్క ముఖానికే గాలి తగిలింది ప్రభూ. రెండోది మఖమలు గుడ్డలో పడుకుంది. మా నాన్న నలభై ఏళ్ళు, నేను ఇరవై ఏళ్ళు కాపలా కాశాం. ఒక్కసారైనా బోర్లా తిప్పి ఉంటామా? మా వంశంలో అంత పనిమంతులు పుట్టలేదు."

సభ గొల్లుమంది. వర్తకుడు ఇక ఆగలేక, ఆ నెమలికంఠం రంగు ఉడికించిన గుడ్లతో కలిపి మూతపెడితే వచ్చేదని, వాసన ఇంకా పోలేదని చెప్పాడు. రంగప్ప మీసం మీది చేయి మెల్లగా దించేశాడు.

రాజు మాత్రం పేరయ్యను వదల్లేదు. "రంగప్పది దొంగ రంగు, ఒప్పుకున్నాను. మరి నేనడిగిన మరక ఏది? నీ గడువు కూడా ఈ రోజుతో సరి."

"తెస్తాను ప్రభూ. కాస్త గడువు పెంచితే, అచ్చం తాతగారినాటి రంగే తెస్తాను."

"ఎంత కావాలి?"

"అరవై ఏళ్ళు."

రాజుకు నవ్వాగలేదు. "ఈ అరవై ఏళ్ళూ నువ్వేం చేస్తావు?"

పేరయ్య చేతులు కట్టుకున్నాడు.

"ఏమీ చేయను ప్రభూ. చేస్తే ఏమవుతుందో తమరు చూశారుగా."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. వర్తకుడు కళ్ళు తుడుచుకున్నాడు. అరవై ఏళ్ళ గడువు మంజూరైంది, దాంతోపాటు జీతం రెట్టింపైంది. రాజు తన భుజం మీది పట్టుశాలువా తీసి కప్పాక, పేరయ్య తాళంచెవిని మళ్ళీ మొలలో దోపుకున్నాడు.