దారపుండ అడుగున

భైరవశాస్త్రిగారిని ఏదైనా అడిగితే తిన్నగా జవాబు చెప్పరు, ఏదో పని పురమాయిస్తారు. ఆయన దగ్గర వైద్యం నేర్చుకుంటున్న విస్సన్నకు ఇదే పెద్ద తలనొప్పి.

ఆ రోజు ప్రశ్న మాత్రం అతణ్ణి చాలాకాలంగా తొలుస్తున్నదే. మధుమేహంతో గురువుగారి చూపు పోతోంది. మందుల డబ్బాల మీద పేర్లు కూడా విస్సన్నే చదివిపెడుతున్నాడు. ఆయన చూస్తే నడివయసు నుంచీ తీపి ముట్టని మనిషాయె.

“పొద్దస్తమానం అందరికీ పథ్యం చెబుతాం కదండీ. ఇంత నిష్ఠగా ఉన్న మీ కళ్లకే ఇలా అయితే, ఇంక ఆ చెప్పడం ఎందుకండీ?” అనేశాడు. ఆయన కళ్ల కోసం బాధపడుతున్నాడో, తను నేర్చిన విద్య కోసమో అతనికే తెలియలేదు.

“ముందు ఆ పొట్లాలు కట్టు,” అన్నారు శాస్త్రిగారు.

సరే కదా అని దారపుండ అందుకున్నాడు. కిందటి వానాకాలం నుంచీ వాడుతున్న ఉండ, నిమ్మకాయంత మిగిలింది. లాగితే పుటుక్కున తెగింది. ముడేసి లాగితే మళ్లీ తెగింది. నిన్నటిదాకా గట్టిగా ఉన్న దారానికి ఏం మాయరోగం వచ్చిందో అంతుబట్టక, అమ్మినవాణ్ణి నాలుగు తిట్టాడు.

“చుట్టిందెవరు?”

చుట్టింది తనే. అప్పుడు గుర్తొచ్చింది. ఆనాడు ఉండ చుట్టడానికి తెచ్చిన దారం చిలప జారి సగం నీళ్లగోలెంలో పడింది. పెళ్లిభోజనానికి వేళ మించిపోతోందని, ఆరబెట్టకుండా తడి కొస నుంచే చుట్టేశాడు. పైన పొడి దారం కప్పేసింది. ఉండ ముచ్చటగా కుదిరిందని అందరూ మెచ్చుకున్నారు కూడా. లోపల ముక్కిపోతున్న సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ తెలియలేదు.

“అయితే పైన చుట్టిన పొడి దారమంతా దండగేనాండీ?” అన్నాడు దిగులుగా.

“ఇన్నాళ్లూ పొట్లాలు దేంతో కట్టావురా?” అన్నారాయన. మళ్లీ తనే, “మా అమ్మమ్మ నన్ను మహా గారంగా పెంచింది. సున్నుండ లేకుండా తెల్లారేది కాదు. నా బొజ్జ చూసి ఊరంతా మురిసిపోయేది,” అని నవ్వారు.

విస్సన్నకు సగం అర్థమైంది, సగం కాలేదు. లేచి కొత్త చిలప తీశాడు. ఆలోచనలో పడితే అతని చెయ్యి దానంతటదే పటికబెల్లం డబ్బాలోకి పోతుంది, అప్పుడూ పోయింది. ముక్క బుగ్గన పెట్టుకుని, ఆ జిగట వేళ్లతోనే దారం కొస పట్టుకున్నాడు.

మూత చప్పుడైన వైపు తిరిగారు శాస్త్రిగారు.

“చేతులు తుడుచుకుని మొదలుపెట్టరా,” అన్నారు.