బొమ్మ నోటి మాట

మల్హారి గొంతు మామూలు గొంతు కాదు. తోలుబొమ్మల తెర వెనక నుంచి అతను పద్యం ఎత్తుకుంటే ఊరి చివర కట్టేసిన ఎద్దులు కూడా చెవులు రిక్కించేవి. ఆ సంగతి అందరికంటే బాగా తెలిసింది మల్హారికే.

చిక్కల్లా ఒక్కటే. అతను హనుమంతుణ్ని ఆడించినప్పుడల్లా జనం తెర పక్కకొచ్చి, "పాడేదెవరప్పా?" అని తొంగిచూసేవాళ్లు. గురువు అంబోజీ ఆడిస్తే, ఆయనది పగిలిన కుండ లాంటి గొంతైనా, హనుమంతుడికి దండం పెట్టేవాళ్లు. ఇదెక్కడి న్యాయమో మల్హారికి అర్థమయ్యేది కాదు.

ఇప్పుడు అంబోజీకి దగ్గు పట్టుకుంది. పాడలేడు. మర్నాటి జాతరలో హనుమంతుడు మల్హారిదే. ఆ ఆట రక్తి కడితే తాతలనాటి ఆ బొమ్మ ఇక అతనికే దక్కుతుంది. కట్టకపోతే పెట్టెలోకి పోతుంది.

"గురువా, రేపు బొమ్మ తలకాయకు నోరు ఆనించి పాడతా. అప్పుడన్నా మాట బొమ్మలో నుంచే వస్తాది" అన్నాడు మల్హారి.

అంబోజీ పొద్దు గూకగానే తెర కట్టించి, వెనక దీపం పెట్టించాడు.

"ముందర పోయి కూర్చో" అన్నాడు.

మల్హారి బిత్తరపోయాడు. పుట్టింది మొదలు తెర వెనకే పెరిగినవాడు, ముందు కూర్చుని ఆట చూసిన పాపాన పోలేదు.

తెర మీద సీతమ్మ కదిలింది. "నాయనా హనుమా, నా స్వామి కుశలమేనా?" అంది.

మల్హారి ఒళ్లు ఝల్లుమంది. ఆ మాట సీతమ్మ పెదవుల్లో నుంచే వచ్చింది!

ఉన్నట్టుండి సీతమ్మ చెయ్యి మాటకు పిసరంత వెనకబడింది. అంతే, గొంతు జారి తెర కుడి మూలకు పోయింది. చెయ్యి మళ్లీ మాటతో కలిసింది. గొంతు ఎగిరొచ్చి పెదవుల మీద వాలింది.

మల్హారి ఒక్క ఉదుటున లేచి తెర వెనక్కి పరుగెత్తాడు. అంబోజీ బొమ్మ పట్టుకుని నడిమధ్యన నిలబడి ఉన్నాడు, నోరు మూసుకుని. ఆయన భార్య ఎల్లుబాయి అల్లంత దూరాన, కుడి మూల గుంజకు ఆనుకుని, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ పాడుతోంది.

"అవ్వా! నువ్వు ఈడుండావా?"

"ఇంకేడుంటా? పెండ్లయినప్పట్నుంచీ నా చోటు ఇదే గదరా!"

మల్హారి మళ్లీ ముందుకు ఉరికాడు. గుట్టు తెలిసిపోయింది కదా, ఇక తన చెవులు మోసపోవనుకున్నాడు. కళ్లు మూసుకుంటే గొంతు మూలన ఉంది. తెరిస్తే సీతమ్మ నోట్లో ఉంది. మూశాడు, తెరిచాడు, మళ్లీ మూశాడు. తెలిసినా అంతే! సంతోషం పట్టలేక చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

"గురువా, ఇంతకీ సీతమ్మ గొంతు ఎవరిది? అవ్వదా? మీ చేతిదా?"

అంబోజీ తెర పక్క నుంచి తల బయటికి పెట్టి, మల్హారి కూర్చున్న నేలను చూపించాడు.

"ఆడ కూర్చున్నోళ్లది."

మర్నాడు జాతరలో మల్హారి గొంతు తగ్గించి పాడాడు. ధ్యాసంతా చేతి మీదే పెట్టాడు. హనుమంతుడి చెయ్యి లేచినప్పుడే మాట లేచింది, చెయ్యి వాలినప్పుడే మాట వాలింది. లంక అంటుకునేసరికి జనం లేచి నిలబడి ఈలలు వేశారు. తెర పక్కకు మాత్రం ఒక్క తల రాలేదు.

ఆట ముగిశాక ఊరిపెద్ద వచ్చి అంబోజీ చేతులు పట్టుకున్నాడు. "ఏం హనుమంతుడప్పా! నా మొగం చూసి మాట్లాడినాడు!"

ఆ తర్వాత పక్కనున్న మల్హారిని ఎగాదిగా చూశాడు. "ఈయప్ప ఏం చేస్తాడు మీ ఆటలో?"

మల్హారి గుండె గంతులేసింది. ఇంత గొప్పగా అతన్ని ఎవరూ ఏనాడూ మెచ్చుకోలేదు.

"వాడా? బొమ్మలు మోస్తాడు" అన్నాడు అంబోజీ, హనుమంతుణ్ని తెచ్చి మల్హారి చేతుల్లో పెడుతూ.